డిసెంబరులో పెట్టిన క్యాప్

వెండెల్ క్రౌస్ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి రీటా ఫోన్లో మాట్లాడుతోంది. గోడ గడియారం పదకొండూ యాభై చూపిస్తోంది. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా డాక్టర్ నైక్విస్ట్ పళ్ళ ఆసుపత్రికి భోజనాల విరామం. ఆ గంటలోనే పని ముగించాలని క్రౌస్ ఆలోచన. రీటా అతన్ని కూర్చోమన్నట్టు చేత్తో సైగ చేసి మళ్ళీ మాటల్లో పడింది.

"ఎక్స్‌రేలు ఏడేళ్ళు ఉంచుతామండీ. ప్లాస్టర్ అచ్చులైతే అన్నాళ్ళు ఉంచం, ఈ శుక్రవారం పాతవన్నీ పారేస్తున్నాం... ఆ, నేనే. ఇన్సూరెన్స్ పనంతా నేనే చూస్తా... ఐదింటి దాకా ఉంటాను. కవరు పంపేటట్టయితే వెనక తలుపు దగ్గర ఇమ్మనండి."

కౌంటరు మీద ఎవరో పేషెంటు తెచ్చిన పొంచ్కీల డబ్బా ఉంది. రేపటి నుంచి ఈస్టరు ముందరి నలభై రోజుల ఉపవాసాలు. అందుకని ఈ మంగళవారం బే సిటీ అంతా జామ్ కూరిన ఈ బూరెలు తింటుంది, తిన్నవి చాలక పళ్ళ డాక్టరుకి కూడా పట్టుకొస్తుంది. క్రౌస్‌కి నోరూరింది గానీ చెయ్యి చాపలేదు. రెండు నెలలుగా అతనికి ఎడమ దవడ పన్ను సలుపుతోంది. డిటెక్టివ్ కాకముందు పద్దెనిమిదేళ్ళు పళ్ళ ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ బిల్లులు పట్టిన ఘనుడు, తను కొత్తగా తీసుకున్న పాలసీలో పెద్ద వైద్యాలకి ఏడాది ఆగాలన్న షరతు మాత్రం చదవకుండానే సంతకం పెట్టాడు. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పుకోలేదు.

రీటా పావ్లిక్ అతన్ని పనిలో పెట్టుకుని మూడు వారాలైంది. జనవరి తొమ్మిది, శనివారం, సాగినా అఖాతంలో గడ్డకట్టిన మంచు మీద చేపలు పట్టుకునే గుడిసె ఒకటి తగలబడింది. లోపల ఒక శవం, వేలికి లైల్ బ్రాక్‌మన్ పెళ్ళి ఉంగరం. లైల్‌తో పాటు చేపలకి వెళ్ళిన రీటా తమ్ముడు కెన్నీ ఆ రోజు నుంచి కనపడలేదు. కెన్నీ ట్రక్కు బస్ స్టేషన్ దగ్గర దొరికింది. అంతకుముందు అక్టోబరులో లైల్ తాగి కారు నడిపి ఒక ముసలావిణ్ణి చంపాడు. ఆ రోజు పక్క సీట్లో ఉన్నది కెన్నీ, కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిందీ కెన్నీయే. దాని మీదే ఇద్దరూ కొట్టుకున్నారనీ, కెన్నీ లైల్‌ని చంపి పరారయ్యాడనీ పోలీసులు తేల్చేశారు. కనపడితే కాల్చేస్తారని రీటాకి భయం. తమ్ముణ్ణి ప్రాణాలతో తెచ్చి లాయరు ముందు కూర్చోబెట్టమని ఆమె క్రౌస్ చేతులు పట్టుకుని అడిగింది. అతను సరేనన్నాడు. 

రీటా ఫోన్ పెట్టేసింది. డాక్టరు భోజనానికి బయటికెళ్ళాడు, నర్సు కూడా వెళ్ళింది. క్రౌస్ కోటు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి కౌంటరు మీద పరిచాడు.

"ఒక చిన్న సందేహం రీటా. జనవరిలో పెట్టాల్సిన క్యాప్ డిసెంబరులో ఎందుకు పెట్టారు?"

"ఎవరికి?"

"లైల్ బ్రాక్‌మన్‌కి. కింది వరస, కుడి దవడ, పెద్ద పన్ను."

రీటా కాగితం తన వైపు తిప్పుకుంది. ఆ కాగితం లైల్ ఇన్సూరెన్స్ చిట్టా. నవంబరు పద్దెనిమిదిన నోరంతా ఎక్స్‌రేలు, డిసెంబరు రెండున రూట్ కెనాల్, పదహారున క్యాప్. క్రౌస్ దాన్ని రెండు వారాలుగా చూస్తున్నాడు. నిన్న సాయంత్రం గానీ అందులో తేడా అతని కంటికి ఆనలేదు.

ఆ తేడా ఇంకెవరికీ అర్థం కాదు. పళ్ళ ఇన్సూరెన్స్ ఏడాదికి ఇంత అని ఒక హద్దు పెడుతుంది. వాడుకోనిది డిసెంబరు ముప్పై ఒకటితో మురిగిపోతుంది, జనవరి ఒకటిన కొత్త హద్దు మొదలవుతుంది. అందుకే తెలిసినవాళ్ళు రూట్ కెనాల్ డిసెంబరులో చేయించుకుని, క్యాప్ జనవరిలో పెట్టించుకుంటారు. ఒకే పన్నుకి రెండేళ్ళ సొమ్ము వస్తుంది. ఈ కిటుకు ఊరందరికీ నేర్పింది రీటాయే. పదకొండేళ్ళుగా ప్రతి నవంబరులో పేషెంట్లందరికీ స్వహస్తాలతో కార్డులు రాస్తుంది, మీకు ఇంత మిగిలింది, పండగలోపు వచ్చి వాడుకోండని. అలాంటి మనిషి బల్ల మీదుగా వెళ్ళిన బిల్లులో క్యాప్ డిసెంబరులో పడింది. హద్దు దాటిన మొత్తం పేషెంటు చేతినుంచి కట్టాడు. మూడు వారాలు ఆగితే సగం కంపెనీయే భరించేది.

"తొందరగా కావాలన్నాడు. అంతే," అంది రీటా.

"ఎవరన్నారు?"

"లైల్."

క్రౌస్ రెండో కాగితం తీశాడు. అది ఫ్యాక్టరీలో లైల్ హాజరు కార్డు. డిసెంబరు రెండున ఉదయం ఆరింటికి లోపలికి వెళ్ళినట్టూ, మధ్యాహ్నం రెండున్నరకి బయటికి వచ్చినట్టూ గడియారం ముద్ర ఉంది. రూట్ కెనాల్ జరిగింది అదే రోజు పదీ ఇరవైకి. క్రౌస్ రెండు కాగితాల్లోనూ ఆ తేదీ మీద వేలు పెట్టి చూపించాడు.

రీటా కుర్చీలో వెనక్కి వాలింది. తలుపు వేసి రమ్మంది. వేసొచ్చాక నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలో కెన్నీది కాంట్రాక్టు పని, ఇన్సూరెన్స్ లేదు. పన్ను నొప్పితో నెల రోజులు గోడకి తల బాదుకున్నాడు. లైల్‌కి పదకొండేళ్ళుగా ఇన్సూరెన్స్ ఉంది, ఏనాడూ పళ్ళ డాక్టరు గుమ్మం తొక్కింది లేదు. నా కార్డు మీద నువ్వు చేయించుకో, ఎలాగూ మురిగిపోయేదే కదా అన్నాడట. తన మీద సాక్ష్యం చెప్పకుండా మంచి చేసుకోవడానికేమో అని రీటా అనుకుంది. అనుకుని కూడా ఊరుకుంది. కెన్నీ లైల్ పేరుతో వచ్చి కుర్చీలో పడుకున్నాడు, డాక్టరు ముందు ఆమె అతన్ని లైల్ అని పిలిచింది. డాక్టర్ నైక్విస్ట్ మనుషుల్ని తలకిందులుగా చూసి చూసి, నోరు తెరిస్తే తప్ప ఎవర్నీ గుర్తుపట్టలేడు.

"ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాడు క్రౌస్.

"మీరు పద్దెనిమిదేళ్ళు ఇలాంటివాళ్ళనే పట్టుకున్నారు కదండీ. ఉద్యోగం పోతుంది, జైలుకి కూడా పంపుతారు. పైగా దీనికీ కెన్నీ పారిపోవడానికీ ఏం సంబంధం?"

"క్యాప్ జనవరికి ఆపుదామని మీరు చెప్పలేదా?"

"చెప్పాను. ఎక్స్‌రేలు కూడా ఆ ఒక్క పన్నుకి చాలన్నాను. లైల్ ఒప్పుకోవట్లేదక్కా, నోరంతా తీయించుకోవాలంట, అంతా ఈ ఏడాదే అయిపోవాలంట, మిగతా డబ్బు తనే కడతాడంట అన్నాడు కెన్నీ. ఎంత మంచివాడో అనుకున్నాం."

ఆమెకి ఇంకా తట్టలేదు. క్రౌస్‌కి లేచి వెళ్ళిపోవాలనిపించింది. అరవై ఒక్కేళ్ళ జీవితంలో తను ఇంత చేతకానివాణ్ణని అతనికి ఎప్పుడూ అనిపించలేదు. చెప్పకపోతే పోలీసులు ఆమె తమ్ముణ్ణి హంతకుడిగానే ఉంచేస్తారు, చెబితే ఆమెకి తమ్ముడే మిగలడు.

"ఆ శవం లైల్‌దని పోలీసులు ఎలా పోల్చారో మీకు తెలుసా అమ్మా?"

"ఉంగరం చూసి. పేపర్లో వేశారు కదా."

"పేపర్‌కి అంతే చెప్పారు. జనవరి పదకొండున మీరు సెలవులో ఉన్నప్పుడు లెఫ్టినెంట్ హౌలాండ్ ఇక్కడికొచ్చి డాక్టరు దగ్గర ఒక కవరు తీసుకెళ్ళాడు."

మూడో కాగితం ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి శవపరీక్ష కార్యాలయం నుంచి సంపాదించినది. క్రౌస్ దాన్ని ఆమె ముందు పెట్టి తల తిప్పుకున్నాడు. ముప్పయ్యో నంబరు పన్ను, అంటే కింది వరస కుడి దవడ పెద్ద పన్ను, రూట్ కెనాల్, క్యాప్, ఆసుపత్రి ఎక్స్‌రేలతో అన్నీ సరిపోయాయి అని ఉంది అందులో. ఆ నంబర్లు రీటాకి ఇంటి నంబరంత కంఠస్థం. ఆమె కాగితం చదివి, మళ్ళీ పైనుంచి మొదలుపెట్టింది. మూడోసారికి అక్షరాల మీద వేలు పెట్టుకుని చదివింది.

"ఆ పన్నుకి క్యాప్ ఉన్నవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది ఉంటారు," అంది చివరికి.

క్రౌస్ కాగితాలు మూడూ ఒకదాని మీద ఒకటి సర్దాడు.

పన్నెండున్నరకి వీధి వైపు తలుపు అద్దం మీద ఎవరో ఉంగరంతో కొట్టారు. లెఫ్టినెంట్ గ్రెగ్ హౌలాండ్. రమ్మని పిలిచింది క్రౌసే. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. రీటా అతని వంక చూసిన చూపుకి క్రౌస్ తల వంచుకున్నాడు. మీకు డబ్బిచ్చి నామీదకి పోలీసుల్ని తెప్పించుకున్నానా అంది. సాక్షిగా పోలీసు లేకపోతే ఇది ఎక్కడా నిలవదని అతను సర్దిచెప్పబోయాడు. ఆ మాట అతనికే రుచించలేదు.

హౌలాండ్ వస్తూనే డబ్బాలోంచి ఒక పొంచ్కీ తీసుకుని తింటూ అంతా విన్నాడు. వేళ్ళకంటిన చక్కెర తుడుచుకుని, "ఏం క్రౌస్, పళ్ళ బిల్లుల గుమస్తాకి హత్య కేసులు ఎందుకయ్యా? నీ పన్ను నొప్పికి మందు దొరికిందా ముందు?" అన్నాడు.

"కార్డు చూడు. ఆ టైముకి లైల్ ఫ్యాక్టరీలో ఉన్నాడు."

"స్నేహితుడి కార్డు ఇంకొకడు గడియారంలో పెట్టడం ఆ ఫ్యాక్టరీలో కొత్తా? ఇక ఈవిడ మాటంటావా, తమ్ముణ్ణి కాపాడుకోవడానికి అక్క చెప్పే కథ. అది కూడా దొంగ బిల్లులు పెట్టానని ఒప్పుకున్న అక్క. ప్రాసిక్యూటర్ నా మొహాన నవ్వుతాడు."

శవం నుంచి పరీక్షలకి పనికొచ్చేదేమైనా తీసి ఉంచారా అని క్రౌస్ అడిగాడు. పళ్ళు కలిశాయి కదా అని ఏమీ ఉంచలేదని, జనవరి పద్నాలుగున చర్చిలో ప్రార్థన అయ్యాక దహనం చేసేశారని హౌలాండ్ చెప్పాడు. బూడిద లైల్ భార్య ఇంట్లో ఉంది. లైల్ చనిపోయాడు కాబట్టి అతని మీద కేసు కూడా కొట్టేశారు, విచారణ మొదలవ్వాల్సిన రోజు జనవరి ఇరవై అయిదు. ఆ తేదీ చెబుతూ హౌలాండ్ ఒక్క క్షణం ఆగాడు. మొండివాడే గానీ మరీ తెలివితక్కువవాడు కాదు. అయినా అది పైకి కనపడనివ్వలేదు.

"ఈ ఎక్స్‌రేలు కెన్నీవని నిరూపించే వస్తువేదైనా చూపించు. మాటలు కాదు, వస్తువు. అప్పుడు ఫైలు తెరుస్తాను," అన్నాడు.

క్రౌస్‌కి ఇందాక రీటా ఫోన్లో అన్న మాట గుర్తొచ్చింది. క్యాప్ చేయించాలంటే ముందు నోటి అచ్చు తీస్తారు. ఆ అచ్చులు ఎక్కడున్నాయని అడిగాడు.

వెనక గది ఇరుకైనది. ఒక చేతులు కడుక్కునే తొట్టి, బయటికి ఒక తలుపు, మూడు గోడలకీ అరలు. అరల నిండా అట్టపెట్టెలు, పెట్టెల్లో ఊరివాళ్ళ పళ్ళ అచ్చులు. క్రౌస్ కిందినుంచి రెండో అరలో 'బ్రాక్‌మన్, ఎల్., 12/02' అని రాసి ఉన్న పెట్టె దొరికించుకున్నాడు. ఆ చేతిరాత రీటాదే. లోపల రెండు తెల్లటి ప్లాస్టర్ అచ్చులున్నాయి, పై వరస ఒకటి, కింది వరస ఒకటి. మూత మీద దుమ్ము చెదరలేదు. హౌలాండ్ కూడా వంగి చూసి, ఎవరూ దీన్ని ముట్టుకోలేదని ఒప్పుకున్నాడు. కానీ పెట్టె మీద ఉన్నది లైల్ పేరే కదా అన్నాడు.

"కెన్నీ ఇంకెక్కడైనా పళ్ళకి వైద్యం చేయించుకున్నాడా?" అని క్రౌస్ రీటాని అడిగాడు. "ఎప్పుడైనా సరే. ఏ ఊళ్ళోనైనా సరే."

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. భుజానికి తగిలించుకున్న చేతిసంచిని రెండు చేతులతో పొట్టకి అదుముకుంది. లేదంది. ఆ 'లేదు' అబద్ధమని గదిలో ముగ్గురికీ తెలుసు. క్రౌస్ మళ్ళీ అడగలేదు. అడిగే హక్కు తనకి లేదనిపించింది. హౌలాండ్ గడియారం చూసుకుని టోపీ తీసుకున్నాడు, అతను తలుపు దాకా వెళ్ళాడు కూడా.

"ఆగండి లెఫ్టినెంట్ గారూ," అంది రీటా.

సంచిలోంచి ఒక చిన్న నీలం డబ్బా తీసింది. అందులో గాజులా మెరిసే తొడుగు ఉంది. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళు పై వరసకి పెట్టుకునేది. మూడేళ్ళ క్రితం కెన్నీ ఫ్లింట్‌లో పనిచేసేటప్పుడు అక్కడి డాక్టరు చేసిచ్చాడట. లోపలి అంచున సన్నటి అక్షరాలతో 'కె. పావ్లిక్' అని చెక్కి ఉంది. పోలీసులు కెన్నీ గది సోదా చేయడానికి వచ్చిన రోజున ఆమె దీన్ని తీసి సంచిలో వేసుకుంది. అప్పటినుంచి ఎక్కడికెళ్ళినా వెంటే ఉంచుకుంటోంది.

"దొరికిన రోజు ఇద్దామని," అంది. "ఇది లేకుండా పడుకుంటే పొద్దున్నకి దవడ పట్టేస్తుంది వాడికి."

హౌలాండ్ చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. క్రౌస్ చేతిలోంచి పై వరస అచ్చు తీసుకుని బల్ల మీద పెట్టింది. తొడుగు సరిగ్గా కూర్చోకపోతే కెన్నీ ఎక్కడో బతికే ఉన్నాడు, హంతకుడిగా. కూర్చుంటే తమ్ముడు నిర్దోషి. ఆమె చాలాసేపు తొడుగు చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది. ఆ కాసేపూ వద్దని చెప్పాలని క్రౌస్‌కి గట్టిగా అనిపించింది. 

ఆమె బొటనవేళ్ళు రెండూ ఆనించి నొక్కింది. 'టక్' మని చిన్న చప్పుడైంది.

హౌలాండ్ వచ్చి తొడుగు అటూ ఇటూ కదిపి చూశాడు. అది ఎక్కడా కదల్లేదు. ముందు పళ్ళలో ఒకటి కొంచెం వంకర, ఆ వంకర కూడా తొడుగులో ఇమిడిపోయింది. అతను టోపీ తీసి అరలో పెట్టాడు. మాటలో ఇందాకటి వెటకారం లేదు. ఐదు వారాలు, అన్నాడు, ఐదు వారాలుగా చచ్చినవాడి కోసం ఆరు రాష్ట్రాల్లో గాలిస్తున్నాను, బతికున్నవాణ్ణి వదిలేసి.

రీటా ఏడవలేదు.

"పద్నాలుగో తారీకున చర్చిలో ఆఖరి వరసలో కూర్చున్నాను," అంది అచ్చు వైపే చూస్తూ. "అందరూ వెళ్ళాక పెట్టె దగ్గరికెళ్ళాను. దాని మీద చెయ్యేసి, మా వాడు చేసిన పాపానికి మమ్మల్ని క్షమించు లైల్ అని అడిగాను. లోపలున్నది వాడండీ. వాడి తరఫున వాడినే క్షమాపణ అడిగాను."

 క్రౌస్ కేసు గెలిచాడు, ఆ గెలుపు ఎవరికీ దేనికీ పనికిరాలేదు. అలవాటు కొద్దీ అతని బుర్ర మాత్రం తన పని తను చేసుకుపోతోంది. ఆ నోరు కెన్నీదని తెలిసినవాళ్ళు ముగ్గురే. కెన్నీ పోయాడు. రీటా ఇక్కడుంది. మూడోవాడు లైల్, ఆ పళ్ళని తన పేరు మీద రాయించి కెన్నీ శవాన్ని తనదిగా నమ్మించినవాడు.

"ఇందాక నేనొచ్చేటప్పటికి ఫోన్ చేసిందెవరు?" అన్నాడు.

"మీ పాత కంపెనీవాళ్ళే. లైల్ ఫైలు మూసేస్తున్నామన్నాడు. సభ్యత్వం నంబరు, పుట్టిన తేదీ అన్నీ చెప్పాడు."

"ఆ గొంతు మీకు తెలుసా? లైల్‌తో ఎప్పుడైనా మాట్లాడారా?"

"లేదు. మాటలన్నీ కెన్నీ ద్వారానే."

"అచ్చుల గురించి ఎవరు ఎత్తారు? మీరా, అతనా?"

ఆమె కొంచెం ఆలోచించి, అతనే అంది.

పద్దెనిమిదేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్న క్రౌస్ ఒక్కసారి కూడా ఏ ఆసుపత్రినీ ప్లాస్టర్ అచ్చు సంగతి అడగలేదు. కంపెనీకి ఎక్స్‌రేలు చాలు, అచ్చులతో పని లేదు. నోట్లో బంక పెట్టి అచ్చు తీశారని కెన్నీ నవ్వుతూ లైల్‌కి చెప్పి ఉంటాడు. అచ్చులు శుక్రవారం దాకా ఉంటాయనీ, ఆ బిల్లులు పెట్టిన మనిషి తనేననీ, ఐదింటి దాకా ఇక్కడే ఉంటాననీ, వెనక తలుపు దగ్గరికి రమ్మనీ రీటా తన నోటితోనే చెప్పింది. క్రౌస్ అది హౌలాండ్‌కి చెప్పడం పూర్తికాకుండానే అతను రేడియోలో మనుషుల్ని పిలవడానికి ముందు తలుపు గుండా కారు దగ్గరికి పరిగెత్తాడు.

"పదండమ్మా, పదండి. ఇక్కడ ఉండకూడదు," అన్నాడు క్రౌస్.

రీటా వినిపించుకోలేదు. తొడుగుని అచ్చు మీదనుంచి నెమ్మదిగా ఊడదీసింది. అది సాక్ష్యమని, ముట్టుకోవద్దని క్రౌస్ చెప్పాల్సింది, చెప్పలేకపోయాడు. ఆమె కుళాయి తిప్పి, తొడుగుకి అంటిన ప్లాస్టర్ పొడి కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టింది. డబ్బా మూత గట్టిగా పడిందో లేదో రెండుసార్లు నొక్కి చూసుకుంది.

ఒంటిగంటకి ఇంకా ఐదు నిమిషాలుంది. వెనక తలుపు గంట మోగింది.

క్రౌస్ వెనక్కి తిరిగి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయేలోపే, పదకొండేళ్ళ అలవాటు రీటా నోటి వెంట వచ్చేసింది.

"తలుపు తీసే ఉంది, లోపలికి రండి."